విపక్షంలో వెతకాలి: వాదానికి ప్రత్యుదాహరణ పెట్టే పరీక్ష



మూడు వాక్యాలతో మొదలుపెడతాను. హైదరాబాదులో ఉన్నదేదైనా తెలంగాణలో ఉన్నట్టే. చార్మినార్ తెలంగాణలో ఉంది. కాబట్టి చార్మినార్ హైదరాబాదులో ఉంది. ఈ మూడింట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఈ వాదం చెల్లదు. ఎందుకు చెల్లదో చాలాసేపు వివరించవచ్చు కానీ అంత అవసరం లేదు. చార్మినార్ అన్నచోట వేయిస్తంభాల గుడి అని పెట్టి చూడండి. హైదరాబాదులో ఉన్నదేదైనా తెలంగాణలో ఉన్నట్టే. వేయిస్తంభాల గుడి తెలంగాణలో ఉంది. కాబట్టి వేయిస్తంభాల గుడి హైదరాబాదులో ఉంది. గుడి ఉన్నది హనుమకొండలో. మొదటి రెండు వాక్యాలూ నిజంగానే నిలిచాయి, మూడోది అబద్ధమైంది. వాదం అల్లిక ఎక్కడా మారలేదు, పేరొక్కటే మారింది.

ఇలా చేయడాన్నే ప్రత్యుదాహరణ చూపడం అంటాం. ఆధారవాక్యాలన్నీ నిజమై, ముగింపు మాత్రం అబద్ధమయ్యే సందర్భం ఒక్కటి చూపిస్తే చాలు, ఆ వాదం చెల్లదని తేలిపోతుంది. రెండోది అక్కర్లేదు. చెల్లే వాదం అంటే అలాంటి సందర్భం ఒక్కటి కూడా ఉండడానికి వీల్లేనిది. చార్మినార్ హైదరాబాదులో ఉందన్న సంగతి మనకు వాదం వల్ల తెలియలేదు, ముందే తెలుసు. ముందే తెలిసిన నిజం చివర్లో కనిపించేసరికి, దాన్ని అక్కడికి చేర్చిన దారి కూడా సరైనదే అనుకుంటాం. మనం నమ్మే ముగింపు ఉన్న వాదాన్ని పరీక్షించడం అన్నిటికంటే కష్టమైన పని కావడానికి కారణం ఇదే.

మా మాష్టారు ఇంటర్మీడియెట్ పిల్లలకు తర్కశాస్త్రం చెప్పిన రోజుల్లో మాకు పట్టించిన అలవాటు ఇదొక్కటే అంటే అతిశయోక్తి కాదు. ఎవరైనా లేచి ఈ వాదం తప్పండీ అంటే, సరే, ఒక్కటి చూపించు అనేవారు. దోషాల పేర్లు బట్టీపట్టి అప్పజెప్పడాన్ని ఆయన జవాబుగా తీసుకునేవారు కాదు. పేరు చెప్పినవాడికి దోషం కనిపించి ఉండకపోవచ్చు. ఉదాహరణ చూపినవాడికి మాత్రం కచ్చితంగా కనిపించి ఉంటుందని ఆయన నమ్మకం. ఆయన పేరున జరిగే సభలో ఆయన పట్టుబట్టిన విషయం మీదే మాట్లాడటం న్యాయమని తోచింది.

ఈ పద్ధతి చాలా పాతది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ రాసిన ‘ప్రయర్ అనలిటిక్స్’ అనగానే చెల్లే వాదాల పట్టికే గుర్తొస్తుంది. చెల్లనివాటిని తోసిపుచ్చడానికి ఆయన పడిన శ్రమ అంతకు తక్కువేమీ కాదు, నాకు ఎక్కువ ఇష్టమైన భాగం కూడా అదే. చెల్లని అమరిక ఎదురైనచోట ఆయన పొడుగాటి వివరణలు ఇవ్వడు. మూడేసి మాటలు రెండు వరసలు రాసి ముందుకు సాగిపోతాడు. ప్రాణి, మనిషి, గుర్రం. ప్రాణి, మనిషి, రాయి. మొదటిసారి చదివినవారికి ఇదేమిటో అర్థం కాదు. విప్పి చూస్తే అందులో ఎంత పొదుపు ఉందో తెలుస్తుంది.

మనుషులంతా ప్రాణులే. గుర్రాల్లో మనిషి ఒక్కడూ లేడు. ఈ రెండు మాటల నుంచి గుర్రాలకూ ప్రాణులకూ ఉన్న సంబంధం ఏమైనా తేలుతుందా? నిజానికి గుర్రాలన్నీ ప్రాణులే. కాబట్టి ఈ అమరిక నుంచి ‘ఏదీ కాదు’ అనిగానీ, ‘కొన్ని కావు’ అనిగానీ ముగించడం కుదరదు. ఇప్పుడు గుర్రాన్ని తీసి రాయిని పెట్టండి. మనుషులంతా ప్రాణులే, రాళ్లలో మనిషి ఒక్కడూ లేడు. ఆధారవాక్యాల రూపం అదే, రెండూ నిజమే. కానీ రాళ్లలో ప్రాణి ఒక్కటీ లేదు. కాబట్టి ‘అన్నీ’ అనీ, ‘కొన్ని’ అనీ ముగించడం కూడా కుదరదు. రాగలిగిన ముగింపులు నాలుగే. గుర్రం రెండింటిని కొట్టేసింది, రాయి మిగతా రెండింటిని కొట్టేసింది. ఆ అమరిక నుంచి ఏ ముగింపూ రాదని రెండు మాటలతో నిరూపణ అయిపోయింది. ఆ సంప్రదాయంలో లెక్కపెట్టిన అమరికలు మొత్తం 256. ఏ వర్గమూ ఖాళీ కాదనుకుంటే వాటిలో చెల్లేవి 24 మాత్రమే. మిగిలినవన్నీ ఇలాంటి గుర్రాల, రాళ్ల ముందు నిలవలేక పడిపోయినవే.

మన వైపు కథ వేరేగా నడిచింది. దానికి ఒక కొస మన గడ్డ మీదే ఉంది. 7వ శతాబ్దంలో ఈ దేశమంతా తిరిగిన చైనా యాత్రికుడు హ్యుయన్‌త్సాంగ్ ఆంధ్రదేశం గురించి రాస్తూ, వేంగి రాజధానికి కొద్ది దూరంలో ఒక ఒంటరి కొండను ప్రస్తావించాడు. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు హేతువిద్య మీద తన గ్రంథం రాసింది అక్కడేనని చెప్పాడు. వేంగి అంటే నేటి ఏలూరు దగ్గరి పెదవేగి. దిఙ్నాగుడి గ్రంథాల్లో ‘హేతుచక్రం’ అనే చాలా చిన్నది ఒకటుంది. సంస్కృత మూలం పోయింది, టిబెటన్ అనువాదం మిగిలింది. వేంగిలో కూర్చుని రాసినది అదేనని నేను అనడం లేదు. ఆయన ఆలోచన ఎలా సాగేదో చూడాలంటే మాత్రం దానికంటే మంచి చోటు లేదు.

ఒక హేతువు పనికొస్తుందో లేదో తేల్చడానికి దిఙ్నాగుడు రెండు గుంపులు పెట్టాడు. మనం నిరూపించదలచిన లక్షణం ఉన్న వస్తువులన్నీ సపక్షం. ఆ లక్షణం లేని వస్తువులన్నీ విపక్షం. హేతువు సపక్షంలో అన్నిటా ఉండవచ్చు, కొన్నిటిలోనే ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు. విపక్షంలోనూ అంతే. మూడు మూళ్లు తొమ్మిది గళ్లు. ఈ తొమ్మిదింట్లో చెల్లేవి రెండే రెండు: హేతువు విపక్షంలో ఎక్కడా లేకుండా, సపక్షంలో అన్నిటాగానీ కొన్నిటగానీ ఉన్నవి. రెండు గళ్లలో హేతువు మనం చెప్పదలచినదానికి విరుద్ధమైనదాన్నే నిరూపిస్తుంది. మిగిలిన అయిదూ ఎటూ తేలనివి, అనైకాంతికాలు.

ఉదాహరణకు, శబ్దం నిత్యం, ఎందుకంటే అది తెలియదగినది అని ఒకరన్నారనుకోండి. సపక్షంలో ఆకాశం ఉంది. అది నిత్యం, తెలియదగినది కూడా. ఇక్కడితో ఆగితే వాదం బాగానే ఉన్నట్టుంది. విపక్షంలోకి వెళ్లగానే కుండ ఎదురవుతుంది. అదీ తెలియదగినదే, కానీ పగిలిపోతుంది. దిఙ్నాగుడి చక్రంలో నన్ను ఆకట్టుకునేది ఈ పట్టుదల. హేతువు సపక్షంలో అన్నిటా ఉండాలని ఆయన అడగడు, కొన్నిట ఉన్నా సరిపెట్టుకుంటాడు. విపక్షంలో మాత్రం ఒక్కచోట కూడా ఉండకూడదంటాడు. పరీక్ష బరువంతా అటువైపు పెట్టాడు. వాదానికి అనుకూలమైన ఉదాహరణలు ఎన్ని పోగేసినా అందులో పరీక్ష లేదు. వాదం పడిపోగలిగే చోటుకు వెళ్లి, అక్కడ కావాలని వెతికి, దొరక్కపోతేనే దానికి కొంత విలువ వస్తుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచినదంతా ఈ ఒక్క మాట చుట్టే తిరుగుతుంది.

ఏటా వేసవిలో మన రెండు రాష్ట్రాల పత్రికల్లో వచ్చే పూర్తిపేజీ ప్రకటనలను ఈ దృష్టితో ఒక్కసారి చూడండి. చిన్నచిన్న ఫొటోలు, కింద హాల్‌టికెట్ నంబర్లు, ర్యాంకులు. ఆ పేజీ తల్లిదండ్రుల మనసులో కట్టే వాదం ఇది: ఈ ర్యాంకులు తెచ్చుకున్నవాళ్లంతా ఈ హాస్టల్లో ఉండి చదివినవాళ్లే, మన అబ్బాయిని కూడా ఈ హాస్టల్లోనే వేస్తున్నాం, కాబట్టి మన అబ్బాయికీ ర్యాంకు వస్తుంది. చార్మినార్ వాదం ఇదే. అల్లిక అదే, పేర్లే మారాయి. దీనికి ప్రత్యుదాహరణ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. అదే హాస్టల్లో ఉండి, అదే మెస్సులో తిని, అదే మెటీరియల్ చదివి, ర్యాంకు రాని పిల్లలంతా ప్రత్యుదాహరణలే. ప్రకటనలో ఉన్నది సపక్షం. విపక్షంలోని పిల్లల ఫొటోలు ఏ పేజీలోనూ రావు. అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రికి ఈ లెక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని, ర్యాంకు రాలేదని తనను తాను అసమర్థుణ్ని అనుకునే పిల్లవాణ్ని చూసినప్పుడల్లా అనిపిస్తుంది. వాడు తప్పిపోయింది చదువులో కాదు. వాడి మీద మోపిన వాదమే మొదటినుంచీ చెల్లనిది.

తర్కం చదువుకోవాలనుకునే తెలుగువారు తప్పకుండా తలుచుకునే మరో పేరు అన్నంభట్టు. 17వ శతాబ్దంవాడు, ఆంధ్రుడు. ఆయన రాసిన ‘తర్కసంగ్రహం’ దేశమంతటా భారతీయ తర్క సంప్రదాయమైన న్యాయశాస్త్రానికి తొలి పాఠ్యపుస్తకమైంది, దానికి ‘దీపిక’ అనే వ్యాఖ్య కూడా తనే రాసుకున్నాడు. కొండ మీద పొగ కనిపిస్తోంది కాబట్టి అక్కడ నిప్పుంది అనే ప్రసిద్ధ ఉదాహరణ చుట్టే ఆ పుస్తకంలోని అనుమాన ప్రకరణం, అంటే హేతువును బట్టి తెలుసుకోవడం గురించిన భాగం, నడుస్తుంది. పొగ, నిప్పు రెండూ ఉన్న వంటిల్లు సపక్షం. నిప్పు లేని మడుగు విపక్షం. మడుగులో పొగ ఉండదు కాబట్టి వాదం నిలుస్తుంది. కొండ తెలియదగినది కాబట్టి అక్కడ నిప్పుంది అంటే నిలవదు, మడుగు కూడా తెలియదగినదే.

ఇప్పుడు వాదాన్ని తిప్పి, కొండ మీద నిప్పుంది కాబట్టి పొగ ఉంది అన్నామనుకోండి. పైకి అంతే సహజంగా వినిపిస్తుంది. మనం చూసిన పొయ్యిలన్నీ పొగ చిమ్మినవే. నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు, దీనికి చూపే ప్రత్యుదాహరణ ఎర్రగా కాలిన ఇనుప గుండు. అందులో నిప్పుంది, పొగ లేదు. వాదం పడిపోయింది. కానీ అక్కడితో వదిలిపెట్టకపోవడమే ఆ శాస్త్రం గొప్పతనం. ఇనుప గుండులో లేనిదీ, పొయ్యిలో ఉన్నదీ ఏమిటని అడిగారు. తడి కట్టె. నిప్పుకు తడి కట్టె తోడైతేనే పొగ. వాదంలో ఎవరూ పైకి చెప్పకుండా చాటున ఉండిపోయిన ఈ షరతును ‘ఉపాధి’ అన్నారు. అంటే మంచి ప్రత్యుదాహరణ వాదాన్ని పడగొట్టి ఊరుకోదు, ఏ కీలు దగ్గర విరిగిందో కూడా చెబుతుంది. తడి కట్టె కలిసిన నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది అని సవరించుకుంటే వాదం మళ్లీ లేచి నిలబడుతుంది. వ్యాకరణం చదివినవారికి ఈ పని బాగా పరిచయం. సూత్రంలో ఈ మాట ఎందుకు పెట్టారని అడిగితే, అది తీసేస్తే ఏ తప్పు రూపం వచ్చిపడుతుందో వ్యాఖ్యాత చూపిస్తాడు.

ఇక్కడ ఒక సంగతి నిజాయితీగా చెప్పాలి. అరిస్టాటిల్ చేసిన పనినే మనవాళ్లూ చేశారని అనడం సరికాదు. వాదం అల్లికను, ఆధారాల నిజానిజాలను విడదీసి చూడాలని న్యాయశాస్త్రం అనుకోలేదు. నిప్పు చల్లనిది, ఎందుకంటే అది ద్రవ్యం అనే వాదాన్ని అన్నంభట్టు ‘బాధితం’ అంటాడు. ముట్టుకుంటే కాలుతుంది కదా, ఇక వాదమెందుకు అని. పాశ్చాత్య తార్కికుడు మాత్రం అల్లిక చెల్లుతుందా లేదా అన్నది వేరే ప్రశ్నగా ఉంచుతాడు. రెండు సంప్రదాయాలనూ బలవంతంగా ఒకటి చేయకుండా పక్కపక్కన పెట్టి చదవడం వల్ల మనకు ఎక్కువ లాభం.

ప్రత్యుదాహరణ పేరుతో చెలామణీ అయ్యేవన్నీ ప్రత్యుదాహరణలు కావు. పొగతాగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని డాక్టరు అంటే, మా పెదనాన్న రోజుకో కట్ట బీడీలు కాల్చి తొంభయ్యేళ్లు బతికాడని జవాబు వస్తుంది. పొగతాగిన ప్రతివాడికీ క్యాన్సర్ వస్తుందని డాక్టరు అని ఉంటే పెదనాన్న ఒక్కడే చాలు ఆ మాటను పడగొట్టడానికి. డాక్టరు అన్నది అది కాదు. ముప్పు గురించి చెప్పిన మాటను ఒక్క మనిషి బతుకు పడగొట్టలేదు. ఎదుటివాళ్లు ‘అందరూ’ అన్నారా, ‘చాలామంది’ అన్నారా అన్నది గమనించకుండా విసిరే ఉదాహరణలతోనే మన చర్చావేదికల్లో సగం కాలం గడిచిపోతోంది. ఇంకో రకం పొరపాటు కూడా ఉంది. ఆధారవాక్యమే అబద్ధమైన సందర్భాన్ని తెచ్చి వాదాన్ని కొట్టామనుకోవడం. అది ఆధారం మీద అభ్యంతరం, అవసరమైనదే. అల్లిక గురించి మాత్రం అది ఏమీ చెప్పదు.

ఇంతకంటే సూక్ష్మమైన చిక్కు ఒకటుంది. రాముడు సోముడికంటే పొడుగు, సోముడు భీముడికంటే పొడుగు, కాబట్టి రాముడు భీముడికంటే పొడుగు. దీనికి ఒక విద్యార్థి ఇలా ప్రత్యుదాహరణ చెప్పాడనుకోండి: రాముడు సోముడికి స్నేహితుడు, సోముడు భీముడికి స్నేహితుడు, కాబట్టి రాముడు భీముడికి స్నేహితుడు. రాముడికి భీముడు ఎవరో కూడా తెలియకపోవచ్చు కాబట్టి ఈ రెండో వాదం చెల్లదు. మరి మొదటిదీ పడిపోయినట్టేనా? పేర్లు మార్చే హక్కు మనకు ఉన్నప్పుడు ‘పొడుగు’ను ‘స్నేహం’గా మార్చే హక్కు లేదా? ఈ హక్కును అలా సాగదీస్తూ పోతే లోకంలో ఏ వాదమూ నిలవదు. ఏ వాదాన్నయినా ‘ఇది నిజం, అది నిజం, కాబట్టి మరొకటి నిజం’ అనే స్థాయికి పలచబరిచి, సంబంధం లేని మూడు వాక్యాలు పెట్టి కొట్టేయవచ్చు.

నాకు తోచిన న్యాయమైన మార్గం ఇది. ఎదుటివారి వాదం దేని బలంతో నడుస్తోందో దాన్ని ముట్టుకోకూడదు. పొడుగు వాదం నడిచేది, ఒకటి రెండోదానికంటే, రెండోది మూడోదానికంటే పొడుగైతే మొదటిది మూడోదానికంటే పొడుగు అనే నియమం మీద. దాన్ని పైకి తెచ్చి మూడో ఆధారవాక్యంగా రాస్తే వాదం కేవలం అల్లిక వల్లనే చెల్లుతుంది. స్నేహం వాదానికీ అలాంటి నియమాన్నే చేర్చి రాయండి, అదీ చెల్లుతుంది. కాకపోతే చేర్చిన నియమం అబద్ధం. తప్పు అల్లికలో లేదు, చాటున ఉన్న నియమంలో ఉంది. ప్రత్యుదాహరణ చెప్పేముందు ఎదుటివారి వాదాన్ని వాళ్లకంటే బాగా రాసి చూపించాలని మాష్టారు అనడంలో అర్థం ఇదేనని ఇప్పుడు తెలుస్తోంది. బలహీనం చేసిన వాదాన్ని కొట్టడం సులువే, దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

ఇంత సులువైన పద్ధతి మనకు ఎందుకు అలవడదు? ఇంగ్లండుకు చెందిన పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1966లో ప్రకటించిన ఒక చిన్న పరీక్ష దీనికి కొంత జవాబిస్తుంది. దాన్ని మన అక్షరాల్లో చెబుతాను. బల్ల మీద నాలుగు కార్డులు: అ, క, 4, 7. ప్రతి కార్డుకూ ఒక వైపు అక్షరం, రెండో వైపు అంకె. ఒక వైపు అచ్చు ఉంటే రెండో వైపు సరిసంఖ్య ఉంటుందని నియమం. ఇది నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పాలి? ఎక్కువమంది అ, 4 అంటారు. తిప్పాల్సినవి అ, 7. నాలుగు వెనక హల్లు ఉన్నా నియమానికి ఏ ఇబ్బందీ లేదు. ఏడు వెనక అచ్చు ఉంటే నియమం కూలిపోతుంది. నాలుగును తిప్పేవాళ్లు నియమానికి సాక్ష్యం వెతుకుతున్నారు, దాన్ని కూల్చగల చోటును వదిలేస్తున్నారు.

ఇదే పరీక్షను 1982లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు, గ్రిగ్స్, కాక్స్, వేషం మార్చి పెట్టారు. అందులో నియమం ఇది: బీరు తాగేవాళ్లకు 19 ఏళ్లు నిండి ఉండాలి. నాలుగు కార్డులు నలుగురు మనుషులు: బీరు తాగుతున్నవాడు, కూల్‌డ్రింకు తాగుతున్నవాడు, 22 ఏళ్లవాడు, 16 ఏళ్లవాడు. ఎవరిని తనిఖీ చేయాలి? ఈసారి ఎక్కువమంది సరిగ్గానే చెప్పారు: బీరువాడి వయసు చూడాలి, పదహారేళ్లవాడి గ్లాసు చూడాలి. తర్కం రెండింట్లోనూ ఒకటే. నియమం తప్పేవాణ్ని పట్టుకోవాలనుకున్నప్పుడు మనకు విపక్షం ఇట్టే కనిపిస్తుంది. తర్కం పాఠాన్ని నిర్వచనాలతో కాక, ఇలాంటి తనిఖీతో మొదలుపెట్టాలని బోధించేవారిని నేను గట్టిగా కోరుతున్నాను.

సరే, విపక్షమంతా వెతికాం, ప్రత్యుదాహరణ దొరకలేదు. అంతమాత్రాన వాదం చెల్లుతుందా? దొరకకపోవడం వేరు, లేకపోవడం వేరు. కానీ కొన్ని వాదాల విషయంలో ఈ వెతుకులాటను పూర్తిగా ముగించవచ్చు. అరిస్టాటిల్ తరహా వాదంలో ఉండేవి మూడు లక్షణాలు. ఏ వస్తువుకైనా ఒక్కో లక్షణం ఉంటుంది లేదా ఉండదు, కాబట్టి వస్తువుల్లో రకాలు ఎనిమిదే. ఒకే రకం వస్తువులు ఒకటున్నా వెయ్యున్నా ఈ వాదాలకు తేడా లేదు. ఏ రకాలు ఉన్నాయి, ఏవి లేవు అనే ప్రశ్నకు 256 జవాబులు. ఏమీ లేని లోకాన్ని తీసేస్తే 255. వాటన్నిటినీ చూసి ప్రత్యుదాహరణ దొరక్కపోతే ఇక ఎక్కడా లేనట్టే. వస్తువుల లక్షణాల గురించి మాత్రమే మాట్లాడే వాదాలన్నిటికీ ఇలాంటి హద్దు ఉందని తార్కికుడు లోవెన్‌హైమ్ 1915లో చూపాడు. 1955లో డచ్ తార్కికుడు బెత్ ఇంకో మెట్టు ఎక్కాడు. ప్రత్యుదాహరణను పద్ధతి ప్రకారం కట్టుకుంటూ పోవాలి. ప్రతి దారీ ఎక్కడో ఒకచోట తనతో తనకే విరోధం తెచ్చుకుని మూసుకుపోతే, ఆ వెతుకులాట రాసిన కాగితమే వాదానికి నిరూపణ. నిరూపించడం, పడగొట్టడానికి ప్రయత్నించడం వేర్వేరు పనులని నేను చాలాకాలం అనుకున్నాను. ఈ వెతుకులాటను రాసే బెత్ పట్టికలు చూశాక అవి రెండూ ఒకే పని అని అర్థమైంది.

వస్తువుల మధ్య సంబంధాలు వచ్చేసరికి మాత్రం ఈ హద్దు చెరిగిపోతుంది. ఈ వాదం చూడండి. ప్రతి ఒక్కరికీ తనకంటే పెద్ద ఒకరున్నారు. ఒకరికంటే పెద్దయినవారికంటే పెద్దయినవారు ఆ మొదటివారికంటే కూడా పెద్దే. కాబట్టి తనకంటే తానే పెద్ద అయినవారు ఒకరున్నారు. ముగింపు వింటేనే విడ్డూరం. అయినా ఒక ఊళ్లోగానీ, ఒక దేశంలోగానీ, లెక్కకు అందే ఏ జనంలోగానీ దీనికి ప్రత్యుదాహరణ దొరకదు. పెద్ద తరువాత పెద్దను వెతుక్కుంటూ పోతే, మనుషులు పరిమితం కాబట్టి, ఎప్పుడో ఒకసారి ముందు చూసినవారి దగ్గరికే తిరిగి వస్తాం. ప్రత్యుదాహరణ ఉన్నది అంతులేని లోకంలోనే: 1, 2, 3, 4… ప్రతి సంఖ్యకూ దానికంటే పెద్దది ఉంది, రెండో నియమమూ నిజం, తనకంటే తాను పెద్దదైన సంఖ్య లేదు. పరిమిత లోకాలను కోట్లకొద్దీ గాలించినా ఈ వాదం తప్పని తెలియదు. ఇలాంటి వాదాల్లో చెల్లే ప్రతిదానికీ నిరూపణ ఉండితీరుతుందని తార్కికుడు గోడెల్ 1929లో తన డాక్టరేటు సిద్ధాంత గ్రంథంలో చూపాడు. ఏ వాదమిచ్చినా చెల్లుతుందో లేదో తేల్చి చెప్పే యాంత్రిక పద్ధతి ఉండదని 1936లో చర్చ్, ట్యూరింగ్ విడివిడిగా నిరూపించారు.

అంతులేని లోకంలో కొన్ని ఉదాహరణల మీద ఆధారపడితే ఏమవుతుందో చెప్పడానికి నాకు తెలిసిన అన్నిటికంటే మంచి కథ గణితజ్ఞుడు ఆయిలర్‌ది. ఆరు రెజిమెంట్లు, ఒక్కోదాని నుంచి ఆరు హోదాల అధికారులు, మొత్తం 36 మంది. ఆరు వరసల్లో ఆరుగురు చొప్పున, ఏ అడ్డువరసలోనూ నిలువువరసలోనూ ఒకే రెజిమెంటుగానీ ఒకే హోదాగానీ రెండుసార్లు రాకుండా నిలబెట్టగలమా? కుదరదని ఆయిలర్ అభిప్రాయం. బేసి సంఖ్యలకు, 4తో భాగం పోయే సంఖ్యలకు అమరిక కుదుర్చే పద్ధతులు ఆయనకు తెలుసు. రెండుకు కుదరదన్నది ఎవరికైనా కనిపిస్తుంది. ఆరుకు ఎంత ప్రయత్నించినా కుదరలేదు. కాబట్టి 2, 6, 10, 14, 18 ఇలా నాలుగుతో భాగిస్తే రెండు మిగిలే ఏ సంఖ్యకూ కుదరదని 1782లో అచ్చయిన వ్యాసంలో ఊహించాడు. ఆరుకు నిజంగానే కుదరదని 1900 ప్రాంతంలో ఫ్రెంచివాడైన గాస్టన్ టారీ అన్ని అవకాశాలూ చూసి తేల్చాడు. ఊహకు బలం వచ్చినట్టే కనిపించింది.

ఏ గుర్తూ ఒకే అడ్డువరసలోగానీ నిలువువరసలోగానీ రెండుసార్లు రాని ఇలాంటి చతురస్రాలు తరువాత పొలాల్లోకి వచ్చాయి. ఏ ఎరువు, ఏ వంగడం మంచిదో తేల్చే ప్రయోగాల్లో మడుల అమరికకు ఇవే పనికొచ్చాయి. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్.సి. బోస్ వీటి మీద పనిచేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి అక్కడికి వెళ్లిన మన సి.ఆర్. రావు 1947లో ఇదే కోవలో ‘ఆర్తోగనల్ అర్రేలు’ అనే అమరికలను ప్రవేశపెట్టారు. బోస్ తరువాత అమెరికాలోని చాపెల్ హిల్‌కు వెళ్లారు. అక్కడ ఆయన శిష్యుడు ఎస్.ఎస్. శ్రీఖండే, ఆయనా కలిసి 1959లో 22కు అమరిక కట్టి చూపారు. పార్కర్ అనే గణితజ్ఞుడు 10కి కట్టాడు. 177 ఏళ్ల ఊహ పడిపోయింది. ఆ వార్త న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చింది. ఆ ముగ్గురూ అక్కడితో ఆగకుండా, 10 మొదలుకుని ఆ వరసలోని ప్రతి సంఖ్యకూ అమరిక ఉందని నిరూపించారు. అంటే ఆ అంతులేని వరస మొత్తంలో ఆయిలర్ ఊహ నిజమైన సంఖ్యలు రెండే: 2, 6. ఆయన చేతిలో ఉన్న రెండు సాక్ష్యాలూ అవే.

ఆయిలర్ అంతటివాడు తొందరపడ్డాడని చెప్పడానికి ఈ కథ ఎత్తుకోలేదు. ఆయన దాన్ని ఊహగానే చెప్పాడు, నిరూపణగా చెప్పలేదు. ఆ ఊహ స్పష్టంగా ఉండబట్టే దాన్ని ఎక్కడ పడగొట్టాలో తరువాతివారికి తెలిసింది.

ఆ పని ఇంకా పూర్తి కాలేదు. ఆయిలర్ అమరికను రెజిమెంట్లది ఒకటి, హోదాలది ఒకటిగా రెండు చతురస్రాలు అనుకోవచ్చు; ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు ఏ జతా రెండుసార్లు రాకపోతే అవి పొసగినట్టు. పదికి అలా ఒకదానితో ఒకటి పొసగే రెండు చతురస్రాలు దొరికాయి. ఏ రెండింటిని తీసుకున్నా పొసగేలా తొమ్మిది చతురస్రాలు పదికి ఉండలేవని 1989లో కంప్యూటర్ సాయంతో తేల్చారు. మరి మూడు ఉన్నాయా? ఉన్నాయని కట్టి చూపినవారు లేరు, ఉండవని నిరూపించినవారూ లేరు. సభలో విద్యార్థులు చాలామంది ఉన్నారు. గళ్ల కాగితం మీద మూడుతో మొదలుపెట్టండి, పొసగే జంట కొద్దిసేపట్లో దొరుకుతుంది. నాలుగుకు మూడు చతురస్రాలు దొరుకుతాయి, కొంచెం ఓపిక కావాలి. ఆరు దగ్గర ఒక్క జంట కూడా ఎందుకు దొరకదో చేత్తో చేసి చూడండి. ఆ తరువాత పది.